పటం మాదేనని నేను రాసిచ్చిన కాగితం

దయ్యాలు లేవని పిల్లలకు చెప్పడం నా ఉద్యోగంలో భాగం. రఘునాథపల్లి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాడిని. నిమ్మకాయ కోస్తే రక్తం ఎలా కారుతుందో, నీళ్ళు చల్లితే మంట ఎలా పుడుతుందో తరగతిలో చేసి చూపించి, బాబాల గుట్టు విప్పేవాడిని. మా ఇంట్లో ఎవరికైనా దిష్టి తీస్తుంటే లేచి బయటికి వెళ్ళిపోయేవాడిని.

ఇప్పటికీ నాకు ఆ నమ్మకాలు లేవు. కానీ ఒక మధ్యాహ్నం, పదిమంది మధ్యలో కూర్చుని, ఎండ వెలుతురులో నేను చూసినదానికి కారణం చెప్పమంటే మాత్రం నా దగ్గర లేదు.

అది చెప్పాలంటే ముందు నేను చేసింది చెప్పాలి. చాలామందికి చూసింది చెప్పి, చేసింది దాచాను. అందుకే రాస్తున్నాను.

మేము పద్మశాలీలం. మా కులం పుట్టుక కథను ఊరూరా తిరిగి చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ దగ్గర బొమ్మల పటం ఉంటుంది. ముప్పై మూరల పొడవు నేత బట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, దాని మీద అంతటా ఎర్ర రంగు పూసి, కథంతా వరసగా బొమ్మలు గీస్తారు. వెదురు కర్రలకు కట్టి, ఒక్కో బొమ్మా విప్పుతూ, పుల్లతో చూపిస్తూ కథ చెబుతారు. ఏ కుటుంబం ఏ ఊళ్ళలో చెప్పాలో వాళ్ళకు తాతల నాటి హక్కు ఉంటుంది. దాన్ని మిరాశి అంటారు. మా ఊరు సాయిలు తాత మిరాశిలోది.

సాయిలు తాతది రేగొండ అవతల ఒక చిన్న ఊరు. మిరాశి మాత్రం ఇటు జనగామ దాకా, అటు మహబూబాబాద్ దాకా ఉండేది. అప్పటికి ఇవన్నీ ఒకే జిల్లా.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఊపు మీద ఉన్న రోజులవి. మా ఉపాధ్యాయుల తరఫున సాంస్కృతిక పనులు నాకు అప్పగించారు. జనగామలో మన కళల ప్రదర్శన ఒకటి పెట్టాలనుకున్నాం. మనకు భాష లేదన్నవాళ్ళకు, సినిమాల్లో మన మాటను వెక్కిరించినవాళ్ళకు అది జవాబు అని నేనే మీటింగులో చెప్పాను. నిజంగానే నమ్మి చెప్పాను.

పటం అడగడానికి రేగొండ వెళ్ళాను. సాయిలు తాత దూలానికి వేలాడదీసిన గొంగడి మూట దింపి, విప్పకుండానే ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఇది పాతబడింది, కొత్త పటం రాయించాను, ఇది ఇక కాళేశ్వరం పోవాలి అన్నాడు. వాళ్ళ ఆచారం అది. పటం చినిగిపోతే మూలన పడేయరు, అమ్మరు. మనిషికి చేసినట్టే చేసి గోదావరిలో కలుపుతారు. పాతది నీళ్ళలో కలిసేదాకా కొత్తది విప్పకూడదు. కొత్తది విప్పకపోతే కథ లేదు, మిరాశి లేదు.

గొంగడి మడతల్లోంచి పటం అడుగు అంచు కనిపిస్తోంది, అక్కడ ఒక జానెడు బట్ట మడిచి కుట్టేసి ఉంది. అదేమిటని అడిగాను. పటం ఎవరు చేయించారో, ఎవరికి ఇచ్చారో అందులో రాసి ఉంటుందట. నది ఒడ్డున కుట్టు విప్పి, పైకి చదివి, అప్పుడు నీళ్ళలో వదులుతారట. దాన్ని తన తండ్రి పోశయ్య కుట్టించాడని, తాను చూడలేదని చెప్పాడు.

పదిహేను రోజుల్లో తెచ్చిస్తానన్నాను. ఆయన గొంగడి ముడి మళ్ళీ బిగించి కట్టాడు. తర్వాత మూట నా వైపు జరిపాడు.

"నువ్వు అడిగినవని ఇస్తలేను సారూ. బాలనర్సయ్య మనుమనివని ఇస్తున్న."

బాలనర్సయ్య మా తాత. పాతకాలం మనుషులు అలాగే మాట్లాడతారులే అనుకున్నాను.

ప్రదర్శనలో పటాన్ని గోడ చుట్టూ నిండుగా పరిచాం. దాన్ని ఎప్పుడూ అలా మొత్తం ఒకేసారి చూపరని నాకు తెలుసు. అయినా పరిచాను. జనం నా భుజం తట్టారు. నా ఫోటో జిల్లా పేజీలో వచ్చింది.

రెండో రోజు హైదరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. పాత బొమ్మలు సేకరిస్తాడట. పటం ముందువైపు కంటే వెనకవైపే ఎక్కువసేపు చూశాడు. ఉద్యమం మాటలే మాట్లాడాడు, మా అందరికంటే బాగా మాట్లాడాడు. దీన్ని నదిలో కలిపేస్తారని నేను చెబితే ఆయన కళ్ళు మూసుకున్నాడు. రేపు రాష్ట్రం వచ్చాక మ్యూజియం వస్తుంది, అందులో ఇది మొదటి గదిలో ఉంటుంది, కింద ఇచ్చినవారిగా మీ పేరు ఉంటుంది అన్నాడు.

ఒక కాగితం మాత్రం కావాలన్నాడు. పటం ఎవరిది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది అని. దేశదేశాల్లో చేతితో రాసి బంగారు రంగు దిద్దిన పాత పుస్తకాలకు కూడా ఇదే పద్ధతట. ఏ రాజు చేయించాడు, ఏ మఠంలో ఉంది, ఎవరు కొన్నారు అనే వరస తెగిపోతే ఆ పుస్తకాన్ని పెద్ద మ్యూజియాలు గడప దాటనివ్వవట. బొమ్మ ఎంత బాగున్నా సరే, దాని వెనక మనుషుల వరస ఉండాలన్నాడు.

సాయిలు తాత దగ్గర సంతకం తీసుకుంటానని నేను అనలేదు. ఆయన ఇవ్వడని తెలుసు. నేనే రాశాను. ఈ పటం మా తాత బాలనర్సయ్య కాలం నుంచి మా ఇంట్లో ఉందని, వారసుడిగా నా ఇష్టపూర్వకంగా అప్పగిస్తున్నానని తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టాను. పటమూ కాగితమూ ఆయనకిచ్చి, ఒక జిరాక్స్ నా దగ్గర ఉంచుకున్నాను.

నేను ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. నీళ్ళపాలయ్యేదాన్ని కాపాడాను అని కూడా చెప్పుకున్నాను. కానీ నేను కాపాడాలనుకున్నది పటాన్ని కాదు, దాని కింద ఉండబోయే నా పేరును.

సరిగ్గా పదిహేనో రోజు సాయిలు తాత బడికి వచ్చాడు. తెల్లవారుజామున రేగొండలో బస్సెక్కి, హనుమకొండలో మారి వచ్చానన్నాడు. పటం అంచులు చినిగితే బాగు చేయడానికి హైదరాబాద్ పంపామని చెప్పాను. తలూపి వెళ్ళిపోయాడు. తర్వాత నెలకోసారి వచ్చేవాడు. ఒకసారి బంద్ అన్నాను. ఒకసారి రైల్ రోకో అన్నాను. దారులు తెరుచుకోగానే తెప్పిస్తానన్నాను. ఊరంతా దేనికోసం రోడ్డు మీద కూర్చుందో, దాన్నే నా అబద్ధానికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన కూడా ఉద్యమం మనిషే. బంద్ అంటే ఎదురు మాట్లాడేవాడు కాదు.

ఈలోపు ఆ పెద్దమనిషి ఫోన్ ఎత్తడం మానేశాడు. చెప్పిన చిరునామాకు వెళ్తే తలుపుకు తాళం ఉంది. నన్ను మోసం చేశాడని అప్పుడు నాకు కడుపు మండింది. వేదికల మీద మన సంపద దోచుకుపోయారని గొంతు చించుకునేవాడిని. నా గొంతులో నిజమైన కోపం ఉందని జనం చప్పట్లు కొట్టేవారు. కోపం నిజమే. దోచినవాడికి తలుపు తీసింది ఎవరన్నది మాత్రం ఆ ప్రసంగాల్లో ఉండేది కాదు.

బళ్ళు మూతపడిన సమ్మె రోజుల్లో మహబూబాబాద్ దగ్గర ఒక ఊరిలో నేతపనివాళ్ళు రిలే దీక్ష పెట్టారు. నన్ను మాట్లాడమని పిలిచారు. మాట్లాడి ముందు వరసలో కూర్చున్నాను. పగలు రెండు దాటి ఉంటుంది. టెంటు తెల్లది, పైన ఎండ గట్టిగా ఉంది. అప్పుడు సాయిలు తాత లోపలికి వచ్చాడు. వెంట మద్దెలతో తమ్ముడు, తాళాలతో కోడలు.

అందరి ముందు అడుగుతాడనుకున్నాను. ఆయన నా వైపు చూసి దండం పెట్టి, తమ్ముడితో కలిసి వెదురు కర్రలు పాతాడు. వాటికి ఒక తెల్లబట్ట కట్టాడు. అచ్చంగా తెల్లది, అప్పుడే మగ్గం దిగినట్టుంది. నేను అడిగి తెలుసుకున్నాను, ఆ వాడలో వాళ్ళే ఇచ్చారట.

దీక్షలో కూర్చున్న ఒకతను నవ్వాడు. "పటం ఏది తాతా? గీ దుప్పటి ఏంది, పండుకుంటవా?"

"పండుకునేటిది కాదు పిల్లగా, లేపేటిది," అన్నాడు సాయిలు తాత. అందరూ నవ్వారు.

పటం పోయిందా అని ఇంకెవరో అడిగారు. ఆయన నా మొహం మీంచి చూపు తిప్పకుండా, "పోలే. సారు దగ్గర భద్రంగ ఉన్నది," అన్నాడు.

తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

కథ మొదలైంది. ఉత్త బట్ట మీద పుల్ల పెట్టి, ఇదిగో ఇక్కడ మీ మూలపురుషుడు తామరతూళ్ళు తెంపుతున్నాడు, ఇక్కడ దేవతలకు మొదటి బట్ట నేస్తున్నాడు అని చూపిస్తూ పోతున్నాడు. బట్టను కూడా పటం లాగే ఒక్కో మూరా విప్పుతున్నాడు. మొదట్లో నాకు తెల్లబట్టే కనిపించింది.

ఇక్కడి నుంచి నేను చూసింది చూసినట్టు రాస్తాను.

ముందు ఎరుపు వచ్చింది. బట్ట మధ్యలో సన్నగా, పల్చగా. టెంటు గుడ్డ రంగు పడుతోందేమో అనుకున్నాను. టెంటు తెల్లది. పక్కన ఎర్ర జెండా ఏమైనా ఉందా అని చూశాను, లేదు. కుర్చీ రెండడుగులు పక్కకు జరుపుకున్నాను. ఎరుపు కదలలేదు. ఒకదాన్ని చాలాసేపు చూస్తే కంట్లో దాని నీడ మిగులుతుందని నేనే పాఠం చెబుతాను. ఆ నీడ చూపు తిప్పితే చూపుతో పాటు కదులుతుంది. నేను చూపు తిప్పి మద్దెల వైపు చూశాను. మద్దెల మీద ఏమీ లేదు. మళ్ళీ బట్ట వైపు చూస్తే బొమ్మలున్నాయి. ప్రదర్శనలో గోడ చుట్టూ పరిచిన బొమ్మలే, అదే వరసలో.

అది నా తప్పు నన్ను తినడమని చెప్పుకోవచ్చు. ఆ బొమ్మలన్నీ నేను ముందు చూసినవే కదా. అక్కడితో ఆగి ఉంటే నేనూ అలాగే చెప్పుకునేవాడిని.

కథ అయిపోయింది. మంగళం పాడుతూ ఆయన చివరి మూర విప్పాడు. ఆఖరి బొమ్మ కింద, కుట్టేసిన మడత ఉండాల్సిన చోట, ఇంకో బొమ్మ ఉంది. రెండు చేతుల మీద మడతపెట్టిన బట్ట పట్టుకుని ఒక మనిషి. ఆయన పక్కన ఆరేళ్ళు ఉండొచ్చు, ఒక ఆడపిల్ల, చేతిలో నూలు కండె. వాళ్ళ కింద రెండు వరసల అక్షరాలు. జేబులో ఉద్యమం కరపత్రం ఉంది. దాని వెనక ఆ రెండు వరసలూ రాసుకున్నాను.

"బాలనర్సయ్య నేసి, బిడ్డ లచ్చువ పేర పోశయ్యకు ఇచ్చిన బట్ట.
ఇచ్చినది ఇచ్చినట్టే. మా ఇంట పుట్టినవాడు దీన్ని తనది అనరాదు."

పక్కన కూర్చున్న మా తోటి టీచరును బట్ట మీద ఏం కనిపిస్తోందని అడిగాను. ఆయన నన్ను వింతగా చూసి, తెల్లబట్ట సార్, ఎండకు కళ్ళు తిరుగుతున్నాయా అన్నాడు. సాయిలు తాత అప్పటికే బట్ట చుట్టేస్తున్నాడు. చుట్టిన బట్ట భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మా రాజవ్వ అత్త దగ్గరికి వెళ్ళాను. మా నాన్నకు అక్క, తాత పిల్లల్లో మిగిలింది ఆమె ఒక్కతే. లచ్చువ ఎవరని అడిగాను. ఆమె చాట కింద పెట్టింది.

"గా పేరు నీకెవలు చెప్పిన్రు కొడుకా?"

తన చెల్లెలట. ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చి పోయిందట. అప్పటికి మా నాన్న పుట్టలేదు. ఆ తర్వాత మా తాత ఆ పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదట. పిల్ల పోయిన నెలలో ఆయన ఒక పొడవాటి బట్ట నేశాడని, దాన్ని సంతకు తీసుకుపోలేదని, ఎవరికిచ్చాడో తనకూ తెలియదని చెప్పింది. కండెలు చుట్టడం లచ్చువ పని అని కూడా చెప్పింది. ఇవేవీ నేను అంతకుముందు విన్నవి కావు. మా నాన్నకే తెలిసి ఉండవు.

రెండు వారాల తర్వాత ఆ పెద్దమనిషి తనంతట తానే ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం. పటాన్ని శుభ్రం చేసేవాళ్ళు అడుగు మడత విప్పారట. అందులో మా తాత బొమ్మ, ఆయన పేరు ఉన్నాయట. మీరు రాసిచ్చిన కాగితానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అన్నాడు. ఒక ఫోటో కూడా పంపాడు. చేతుల మీద బట్టతో మనిషి, కండెతో పిల్ల, కింద మొదటి వరస. రెండో వరస దగ్గర ఫోటో కత్తిరించి ఉంది.

నేను తిరిగి ఫోన్ చేసి, రెండో వరసలో ఏముందో చెప్పమన్నాను. అదేమంత ముఖ్యం కాదన్నాడు. అప్పుడు కరపత్రం తీసి చదివాను.

"అంటే మీరు ముందే విప్పి చూశారన్నమాట," అన్నాడు.

నేను చూడలేదు. ఆ మడత రెండు పొరల బట్ట, పైన సుద్ద, జిగురు. దీపానికి ఎదురుగా పెట్టినా అక్షరం కనపడదు. శుభ్రం చేసేవాళ్ళు విప్పేదాకా కుట్టు ఎవరూ ముట్టలేదని ఆయనే మొదటి ఫోన్‌లో చెప్పాడు.

పటం వెనక్కి ఇవ్వమన్నాను. అది అప్పటికే తన చేతిలో లేదని, చేతులు మారిందని, ఆ మార్పుకు ఆధారం నా కాగితమేనని నెమ్మదిగా చెప్పాడు. నేను రాసింది అబద్ధమని ఆయనకు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. ఆలోచిస్తే ఎవరు నమ్ముతారు? నా అబద్ధానికి మా తాతే సాక్ష్యం చెబుతున్నట్టుంది కదా.

అప్పుడు రేగొండ వెళ్ళాను. ఇంటిల్లిపాదీ ఉన్నారు. కాగితం జిరాక్స్, కరపత్రం రెండూ సాయిలు తాత ముందు పెట్టాను. ఆయనకు చదువు రాదు. చదవమన్నాడు. ముందు నేను రాసిచ్చింది చదివాను. తర్వాత కరపత్రం వెనక ఉన్నది చదివాను. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాయిలు తాత, "మొదటిది ఇంకోసారి చదువు," అన్నాడు.

మళ్ళీ చదివాను. నా జీవితంలో అంత పొడవైన కాగితం ఇంకోటి చదవలేదు. అది నాలుగు వాక్యాలే.

మాఫీ చేయమన్నాను. ఆయన కోపంగా ఏమీ అనలేదు.

"నేను మాపు చేస్తే నువ్వు నిమ్మలంగ పండుకుంటవు. పటం ఏడ పండుకుంటది సారూ?"

వాళ్ళ కులపెద్దలు కూర్చుని ఒక దారి చూశారు. పటం కట్టాల్సిన చోట కట్టి కథ చెప్పిన బట్ట కాబట్టి, ఆ తెల్లబట్టనే పటంగా ఎంచి నీళ్ళలో కలపవచ్చన్నారు. చెల్పూర్ మీదుగా కాళేశ్వరం వెళ్ళే బస్సులో నన్ను కూడా రమ్మన్నారు. మూట ఆయన ఒళ్ళో ఉంది.

ఒడ్డున కుట్టు విప్పడానికి ఏమీ లేదు. "చదువు. నీ తాత మాట నీ నోటితోనే పోవాలె," అన్నాడు సాయిలు తాత. నేను కరపత్రం తీసి ఆ రెండు వరసలూ నదికి వినిపించాను. తర్వాత ఆయన బట్టను నీళ్ళలో వదిలాడు.

నేత బట్ట నీళ్ళలో వేస్తే గాలి పట్టి కాసేపు తేలుతుంది. నేతింట్లో పుట్టినవాడిని, ఎన్నిసార్లో చూశాను. అది తేలలేదు. సుద్ద పట్టించిన బరువైన పటం లాగా నిలువునా మునిగిపోయింది. అది తడి వల్లనో, ప్రవాహం వల్లనో అని ఎవరైనా అంటే వాదించను.

రాష్ట్రం వచ్చింది. అందరితో పాటు నేనూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, కానీ వేదిక ఎక్కమంటే ఎక్కలేదు. కొత్త పటంతో సాయిలు తాత రెండేళ్ళు కథ చెప్పి పోయాడు. ఇప్పుడు ఆయన తమ్ముడు చెబుతున్నాడు. మా ఊరికి మాత్రం ఆ కుటుంబం రావడం మానేసింది. మా వాడలో పిల్లలకు మా కులం కథ చెప్పేవాళ్ళు లేరు. ఎందుకు రావడం లేదని ఎవరైనా అడిగితే ఇప్పుడు చెబుతున్నాను.

పటం ఏ దేశంలో, ఏ అద్దాల వెనక ఉందో తెలియదు. అది చేతులు మారిన చరిత్రలో మా తాత పేరు, నా పేరు తప్పక ఉంటాయి. పోశయ్య పేరు, సాయిలు పేరు ఉండవు.

ఆ జిరాక్సూ, కరపత్రమూ రెండూ నా బీరువాలో పక్కపక్కనే ఉన్నాయి. అప్పుడప్పుడు తీసి పోల్చి చూస్తాను. రెండూ నా చేతిరాతే. మొదటిది ఎందుకు రాశానో నాకు బాగా తెలుసు. రెండోది నా చేత ఎవరు రాయించారో ఇప్పటికీ తెలియదు.